ప్యాలెస్‌లో బట్టలు చూపించబోయే ముందు: మన ఫ్యాషన్ కాలేజీలకు బహిరంగ లేఖ

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, సిద్దిపేట, జగిత్యాల జిల్లాల్లో ఫ్యాషన్ డిజైనింగ్, టెక్స్‌టైల్, హోంసైన్స్ కోర్సులు నడుపుతున్న కాలేజీల ప్రిన్సిపాళ్లకు, టూర్ బాధ్యత చూసే లెక్చరర్లకు నమస్కారం.

దసరా సెలవులు అయిపోగానే మీ ఆఫీసుల్లో స్టడీ టూర్ ఫైళ్లు కదులుతాయి. చాలా ఫైళ్లలో కార్యక్రమం ఒకే తీరుగా ఉంటుంది. తెల్లారకముందే బస్సు, చౌమహల్లా ప్యాలెస్, చార్మినార్, లాడ్ బజార్, సాలార్‌జంగ్ మ్యూజియం, పొద్దుంటే గోల్కొండ, అర్ధరాత్రికి ఇల్లు. ఇందులో ప్యాలెస్‌కు దక్కేది గంటన్నర. దర్బారు హాలులో షాండ్లియర్ల కింద కొన్ని ఫోటోలు, పాత కార్ల ముందు కొన్ని ఫోటోలు అయ్యేసరికి నిజాంల కాలపు దుస్తులున్న గదులకు పావుగంట మిగులుతుంది. ఫ్యాషన్ చదివే పిల్లలు అంత దూరం పోయేదే ఆ గదుల కోసం కదా!

మేము చేనేతలో, దర్జీ పనిలో, పాత బట్టల సంరక్షణలో ఉన్నవాళ్లం. ఆ రోజును విహారయాత్ర ఖాతాలోంచి తీసి ప్రాక్టికల్ ఖాతాలో వేయమని మీకు మా విన్నపం. ఒక రోజు, ఒక ప్యాలెస్, ఒక్కో విద్యార్థికి ఒక్క వస్త్రం. లాడ్ బజార్ గాజులు ఎక్కడికీ పోవు, ఇంకోసారి కొనుక్కోవచ్చు.

ప్యాలెస్‌లోనే ఎందుకు చూడాలంటే, గది చూస్తే గానీ బట్ట అర్థం కాదు. చౌమహల్లాను 1750లో సలాబత్ జంగ్ మొదలుపెట్టాడు. అఫ్జలుద్దౌలా ఏలిన 1857-69 నడుమ అది పూర్తయింది. 45 ఎకరాల ఆవరణలో ఇప్పుడు 12 ఎకరాలే మిగిలాయి. 2005లో జనానికి తెరిచారు. మరమ్మతు పనికి 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది. ఇదంతా గైడు చెబుతాడు. గైడు చెప్పనిది ఒకటుంది. ఆ హాళ్లలో కూర్చున్నది ఎక్కువగా నేల మీద, తివాచీ మీద, దిండుకు ఆనుకుని. అందుకే షేర్వాణీకి చీలిక అంత పైదాకా ఉంటుంది, పైజామాకు ఆసనం దగ్గర అంత వదులుంటుంది. కుర్చీకి అలవాటు పడ్డ కోటు కోత వేరు. పిల్లలు ముందు ఆ హాలు నేలను, పైకప్పు ఎత్తును చూసి తర్వాత బట్టల గదిలోకి పోతే, "ఇంత వదులెందుకు?" అన్న ప్రశ్నకు జవాబు వాళ్లకే తడుతుంది.

ఇక గదిలో అడుగుపెట్టగానే ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు: "ఏం కనపడ్తలేదు సార్, లైట్లు వెయ్యరా?" బట్టలున్న గదిలో లైట్లు ఎక్కువ వెయ్యకూడదు. పట్టుకూ రంగుకూ వెలుతురు కంటే పెద్ద శత్రువు లేదు. బట్ట మీద పడే వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే లెక్క) దాటొద్దన్నది మ్యూజియంలు సాధారణంగా పాటించే ప్రమాణం. క్లాసు గదిలో బల్ల మీద 300 లక్స్ దాకా ఉంటుంది. మధ్యాహ్నపు ఎండలో లక్ష దాకా పోతుంది. పైగా వెలుతురు చేసే నష్టం జమ అవుతూ పోతుందే తప్ప చీకట్లో పెడితే తిరిగి రాదు. లెక్క బోర్డు మీద వేసి చూపించండి: 50 లక్స్ కింద రోజుకు 8 గంటల చొప్పున 300 రోజులు ఉంచితే 1,20,000 లక్స్ గంటలు. అదే బట్టను 500 లక్స్ కింద పెడితే 30 రోజుల్లోనే అంత నష్టం జరిగిపోతుంది. లండన్‌లో కెన్సింగ్టన్ లాంటి రాజభవనాలను చూసే సంస్థ చేతిలో రాజదర్బారు దుస్తులు, వాటి అనుబంధ వస్తువులు పదివేలకు పైగా ఉన్నా, ఒక్కసారి బయట పెట్టేది కొన్నే. మిగతావి చీకట్లో విశ్రాంతిలో ఉంటాయి.

ఈ మసకకు మీరు చేయగలిగిన ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. ఎండలోంచి నేరుగా గ్యాలరీలోకి తోలకండి. ముందు వరండా నీడలో పది నిమిషాలు కూర్చోబెట్టండి, కళ్లు సర్దుకుంటాయి. ఆ పది నిమిషాల్లోనే జాగ్రత్తలన్నీ చెప్పేయొచ్చు. రెండోది, తెల్ల యూనిఫాం వద్దు. అద్దం ముందు తెల్ల చొక్కా నిలబడితే అద్దంలో ఆ చొక్కానే కనబడుతుంది, వెనకాల షేర్వాణీ కనబడదు. ముదురు నీలమో నలుపో వేసుకు రమ్మనండి. మూడోది, ఫోన్లో లక్స్ కొలిచే యాప్ వేసుకుని ప్రతి అద్దాలపెట్టె దగ్గర అంకె రాసుకొమ్మనండి. ఫోన్ కొలత కచ్చితం కాదు, అయినా 50కీ 250కీ తేడా చెప్పేస్తుంది. కిటికీ పక్కన ఉన్న పెట్టెకూ లోపలి గదిలో ఉన్న పెట్టెకూ అంకెల్లో తేడా కనిపిస్తే, ఆ రెండింటిలోని రంగులనూ పోల్చమనండి. మంచి ప్రాజెక్టు అవుతుంది.

ఫ్లాష్ సంగతి. ఒక్క ఫ్లాష్ మెరుపుకే బట్ట పాడైపోదు. అయితే ఆ మెరుపు అద్దం మీద పడి తెల్లటి మచ్చగా తిరిగొస్తుంది, ఫోటో దండగవుతుంది. ఫోన్ టార్చి వేసి అరనిమిషం పట్టుకోవడం ఇంకా చెడ్డ అలవాటు. ఫోటోకు అనుమతి ఉన్నచోట ఫోనును అద్దానికి అంగుళం దూరంలో, కొంచెం ఏటవాలుగా పట్టుకుని, చుట్టూ నల్లగుడ్డ అడ్డం పెట్టి తీస్తే నేత కూడా దొరుకుతుంది. అద్దానికి ఫోను ఆనించొద్దు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఒక్క షేర్వాణీ ముందు నలభై ఐదు నిమిషాలు నిలబడి ఏం చూడాలి?

మొదట ఆరడుగుల దూరం నుంచి ఆకారం. ఇక్కడే చాలామంది పొరబడతారు. భుజం జారినట్టో, రొమ్ము దగ్గర ఏటవాలు ముడతలు పడ్డట్టో కనిపిస్తే "కటింగ్ బాగాలేదు" అని రాసేస్తారు. ఆ తప్పు సాధారణంగా బట్ట తొడిగిన బొమ్మది. పాత బట్టకు బొమ్మను ఎప్పుడూ చిన్న సైజుదే తెస్తారు. దాని మీద పాలిస్టర్ దూది పొరలు పేర్చి, సాగే గుడ్డ తొడిగి, ఆ బట్ట వేసుకున్న మనిషి ఒంటి తీరుకు తీసుకొస్తారు. ఆ పని సరిగ్గా జరగకపోతే భుజం జారుతుంది, నడుము లేచిపోతుంది. ముడత కుట్టు దగ్గర పుడుతోందా, కింద దూది లేనిచోట పుడుతోందా అని చూస్తే తప్పు ఎవరిదో తేలుతుంది.

తర్వాత దగ్గరికి రావాలి. ముందు పల్లాలు రెండూ కలిసేచోట పువ్వు చూడండి. కింఖాబ్‌లోనో (జరీ పువ్వులు నేసిన పట్టు) హిమ్రూలోనో (పట్టు, నూలు కలిపి పువ్వులు నేసిన బట్ట) కుట్టిన షేర్వాణీ అయితే, ఎడమ పల్లా మీద సగం పువ్వు కుడి పల్లా మీద పూర్తయ్యిందా? అయితే ఆ దర్జీ పువ్వు కుదరడం కోసం బట్ట వదులుకున్నాడు. పువ్వు పువ్వుకూ నడుమ 4 అంగుళాలుంటే దాదాపు అంత బట్ట వృథా అవుతుంది. జరీ బట్టలో అది చిన్న ఖర్చు కాదు. పువ్వు కలవకపోతే బట్ట కొరతగా ఉందనో, తర్వాత ఎవరికో సరిపోయేలా విప్పి కుట్టారనో అనుకోవచ్చు. వీపు వైపు కూడా చూసే వీలుంటే పువ్వు నిటారుగా ఉందా, తలకిందులుగా ఉందా చూడండి. భుజం మీద కుట్టు లేకుండా ఒకే బట్టను ముందుకూ వెనక్కూ మడిచి కోస్తే వీపు మీద పువ్వు తలకిందులవుతుంది.

చంక దగ్గర ఇంకా ఎక్కువ చదవొచ్చు. చెయ్యి తిన్నగా వచ్చి, చంక కింద చదరపు ముక్క ఒకటి అతికి ఉంటే అది అంగరఖా (షేర్వాణీకి ముందు వాడిన, తాళ్లతో కట్టుకునే పొడుగు అంగీ) కాలపు కోత. ఆ పద్ధతిలో అన్నీ పొడుగు పట్టీలు, త్రికోణపు కలీలే. మగ్గం నుంచి దిగిన బట్ట పన్నా (వెడల్పు) తక్కువ కాబట్టి, ఒక్క అంగుళం కూడా పారేయకుండా కోసేవాళ్లు. చంక గుండ్రంగా కోసి చెయ్యిని పొంగించి అతికితే అందులో పాశ్చాత్య కోటు కుట్టు కలిసిందన్నమాట. అంగరఖా నుంచి షేర్వాణీ దాకా వచ్చిన మార్పంతా ఆ ఒక్కచోట దొరుకుతుంది. కాబట్టి స్కెచ్ వేసేటప్పుడు ముఖం లేని బొమ్మ మొత్తం గీయడం కంటే చంక ఒక్కటీ పెద్దది చేసి గీయమనండి.

కాజాలు చేత్తో వేసినవైతే కుట్లు కొద్దిగా ఎగుడుదిగుడుగా ఉంటాయి, అంచున ముడి వరుస కనబడుతుంది. మిషను కాజాలో దారం దట్టంగా ఉండి, కోసిన అంచున పోగులు లేచి ఉంటాయి. కానీ చేతికుట్టు కనబడగానే "మిషను రాకముందుది" అని తేల్చేయకండి. కుట్టుమిషన్లు 1850ల నుంచి అమ్మకానికి వచ్చినా, రాజుల దర్జీలు చేతికుట్టు మానలేదు. మిషను కుట్టు ఉంటే మాత్రం ఆ కుట్టు అంతకు ముందుది కాదని ధైర్యంగా రాయొచ్చు. రంగుదీ ఇదే లెక్క. మొదటి కృత్రిమ రంగు, ఊదాది, 1856లో పుట్టింది, కృత్రిమ నీలిమందు 1897లో బజారుకొచ్చింది. కొట్టొచ్చినట్టున్న ఊదారంగు కనిపిస్తే అది ఏ కాలానిదని పిల్లల్ని వెంటనే అడగండి.

కొన్ని పాత పట్టుల మీద పల్చని పొగలాంటి పొర కనిపిస్తుంది. అది డిజైను కాదు. చిరుగుతున్న పట్టు రాలిపోకుండా సంరక్షకులు పైన కుట్టిన సన్నని వల. 19వ శతాబ్దం చివర్లో పట్టుకు బరువు రావాలని లోహ లవణాల్లో ముంచేవాళ్లు. అలాంటి పట్టు మడతల వెంట గీతలు గీతలుగా పగిలిపోతుంది, దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఇనుముతో నలుపెక్కించిన దారాలదీ అదే గతి. అందుకే కొన్ని కలంకారీల్లో నల్ల గీత ఉండాల్సినచోట ఖాళీ కనిపిస్తుంది.

జరీని కంటితోనే చాలావరకు గుర్తుపట్టొచ్చు. అసలు జరీ అంటే వెండి తీగను చదును చేసి పట్టుదారం చుట్టూ చుట్టి బంగారు పూత పెట్టినది. అది పాతబడితే మెత్తగా మసకబారుతుంది, రాపిడి పడ్డచోట నలుపు తిరుగుతుంది. రాగి జరీ అయితే పచ్చగా చిలుము పడుతుంది. ప్లాస్టిక్ జరీ నల్లబడదు, పొర లేచిపోయి తెల్లటి పోగు బయటపడుతుంది. కార్చోబీ పని (బరువైన జరీ ఎంబ్రాయిడరీ) నిండా ఉన్న బట్టను నిలబెట్టకుండా వాలుబల్ల మీద పరిచి ఉంచితే ఆశ్చర్యపోవద్దు. ఆ బరువు భుజం మీద వేలాడితే కింది బట్ట చిరుగుతుంది.

హైదరాబాదీ ముస్లిం పెళ్లికూతుళ్లు వేసుకునే ఖడా దుపట్టా విషయం రెండు మాటల్లో. ఆరు గజాల దుపట్టా, కుర్తా, చోళీ, చూడీదార్ కలిసి ఒక జత. మనం చూసే మడతలు ప్రదర్శన పెట్టినవాళ్లు సర్దినవి, కట్టుకున్నవాళ్లు వేసుకున్నవి కావు. కాబట్టి మడతలు లెక్కపెడుతూ కాలం వృథా చేయకండి. అంచు వెడల్పు, కొంగు బరువు, పిన్నులు గుచ్చిన చిన్న కంతలు చూడండి. కంతలు ఎక్కడెక్కడ ఉన్నాయో గీస్తే అసలు కట్టు తీరు కొంత తేలుతుంది.

మన ప్రాంతపు పిల్లలకు బయటివాళ్లకు లేని వీలొకటుంది. ఈ ప్యాలెస్‌ల్లోని బట్టలు చాలావరకు చుట్టుపక్కల మగ్గాల భాష మాట్లాడతాయి. హిమ్రూ ఔరంగాబాదుది. పైఠణీ చీరలు నేసిన పైఠణ్ కూడా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంది. తేలియా రుమాళ్లను (నూనెలో నానబెట్టిన దారంతో నేసే చిటికి బట్ట, అంటే ఇక్కత్) నిజాం దర్బారు స్త్రీలు మేలిముసుగులుగా వేసుకున్నారు. ఆ రుమాలు ఇప్పటికీ పుట్టపాకలో నేస్తున్నారు, 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మష్రూలో పైకి పట్టు పడుగు (నిలువు పోగులు) మెరుస్తుంది, ఒంటికి తగిలేది నూలు పేక (అడ్డ పోగులు). చీలిక దగ్గరో చేతి అంచు మడత దగ్గరో లోపలి వైపు కాస్త బయటపడితే ఆ తేడా వెంటనే కనిపిస్తుంది. హిమ్రూకు వెనక వైపు అదనపు పేక పోగులు వదులుగా తేలుతుంటాయి, ఉంగరానికో బొత్తానికో తగిలితే తెగిపోతాయి. అందుకే హిమ్రూ షేర్వాణీకి అస్తర్ తప్పదు. గాజు వెనక నేత కనబడకపోయినా, అస్తర్ ఉందా లేదా అన్నది కూడా ఆధారమే.

ఇవన్నీ అక్కడికి పోయాక నేర్పితే కుదరవు. కనీసం రెండు వారాల ముందు ఇక్కడే మొదలుపెట్టాలి. ఆరు రకాల బట్ట ముక్కలు తెప్పించండి, ఒక్కోటి 4 అంగుళాల చదరం: మష్రూ, హిమ్రూ, గద్వాల, సిద్దిపేట గొల్లభామ, పుట్టపాక లేదా పోచంపల్లి చిటికి, ఆరోది మిల్లు పాలిస్టర్ జాకార్డ్. మొదటి వారం చేతిలో పట్టుకుని, దారాలు లెక్కపెట్టే కటకం కింద అంగుళానికి పడుగు ఎన్ని, పేక ఎన్ని అని రాయాలి. వెనక వైపు తప్పకుండా గీయాలి. గద్వాలలో నూలు ఒంటికి పట్టు అంచు కలిసేచోట పేకలు ఒకదానికొకటి కొక్కెం పడ్డ కుప్పడం ముడిని వేలితో తడమాలి. గొల్లభామ తలమీద కుండ దగ్గర అదనపు పేక వెనక్కి ఎట్లా తిరుగుతుందో చూడాలి.

రెండో వారం ముక్కల్ని ముట్టుకోనివ్వకండి. ఒక అట్టపెట్టె తీసుకుని ముందు గాజు పలక బిగించి, లోపల చిన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. బల్బు మీద ట్రేసింగ్ పేపరు పొరలు ఒక్కోటి వేస్తూ, ముక్క దగ్గర లక్స్ 50కి వచ్చేదాకా తగ్గించండి. పిల్లలు రెండడుగుల దూరంలో నిలబడి, ముట్టకుండా, ఏ ముక్క ఏదో చెప్పాలి. మొదటిసారి మష్రూనూ పాలిస్టర్‌నూ కలిపేసుకుంటారు, రెండూ మెరుస్తాయి కాబట్టి. పక్కకు వంగి చూస్తే పట్టు మెరుపు కోణంతో మారుతుంది, పాలిస్టర్ మెరుపు ఎటు చూసినా చదునుగా, ఒకే తీరుగా ఉంటుంది. ఈ ఒక్కటి అలవాటైతే ప్యాలెస్‌లో సగం పని అయిపోయినట్టే.

దర్రీలు (నేల మీద పరిచే నూలు జంపఖానాలు) నేసే వరంగల్ కొత్తవాడకు ఒక పూట పోయిరండి. వరంగల్ దర్రీకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పిల్లలు పరీక్షలో రాస్తారు, మగ్గం ముందు నిలబడ్డవాళ్లు మాత్రం తక్కువ. దర్రీలో పేకే పైకి కనిపిస్తుంది, పడుగు లోపల దాగిపోతుంది. మష్రూలో సరిగ్గా దీనికి ఎదురు. ఈ రెండూ పక్కపక్కన అర్థమైతే "పడుగు ముఖం, పేక ముఖం" అన్న పాఠం ఇంక మరిచిపోరు. అక్కడ మగ్గాలున్నది ఇళ్లలో. నలభై మంది ఒకేసారి పోతే నేసేవాళ్ల పూట కూలి పోతుంది. ఎనిమిదేసి మందిని పంపండి, ముందే చెప్పి పంపండి, పోయినచోట ఏదో ఒకటి కొనండి.

వీలున్న కాలేజీలు రామప్ప కూడా చూపించొచ్చు. 1213 నాటి ఆ గుడి మదనికల (స్తంభాల పైన చెక్కిన స్త్రీ శిల్పాల) ఒంటి మీద ఉన్నవి కుట్టని బట్టలు, కట్టుకున్నవి, చుట్టుకున్నవి. అదే శతాబ్దం చివర్లో మార్కోపోలో మోటుపల్లి రేవు వైపు సన్నబట్టను సాలీడు గూడుతో పోల్చాడు. మన తేమకు, చెదలకు అంత పాత నూలు నిలవదు. అందుకని కాకతీయుల బట్టకు శిల్పమే దిక్కు, నిజాంల బట్టకైతే బట్టే ఉంది. రాతి మీది కట్టునూ అద్దంలోని కుట్టునూ ఒకే నోటుబుక్కులో ఎదురెదురు పేజీల్లో గీయించండి.

ప్రయాణం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, ఒక్క హెచ్చరిక తప్ప. చౌమహల్లా, సాలార్‌జంగ్, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం, మూడూ శుక్రవారమే బంద్. ఆదివారం జనం. మంగళ, బుధ, గురువారాల్లో తెరిచే వేళకే, అంటే పది గంటలకల్లా, గేటు దగ్గరుండాలి. పెద్ద బస్సును చార్మినార్ సందుల్లోకి తీసుకుపోవద్దు, తిప్పుకోవడానికే గంట పడుతుంది. వరంగల్ బస్సు ఉప్పల్‌లో ఆపి, మెట్రోలో పరేడ్ గ్రౌండ్ దాకా వచ్చి, అక్కడ ఎంజీబీఎస్ లైనుకు మారితే సరిపోతుంది. రైల్లో వచ్చేవాళ్లు సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఉప్పల్ నుంచి వచ్చే లైనే ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మారొచ్చు. కరీంనగర్ వాళ్లకు జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్‌కు నేరుగా మెట్రో ఉంది. ఎంజీబీఎస్ నుంచి ఆటోలే. టిక్కెట్ ధర, ఫోటో నియమాలు మారుతుంటాయి, వారం ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

లోపల పది మంది చొప్పున జట్లు. ఒక జట్టు బట్టల గదిలో ఉంటే మిగతావాళ్లు హాలు, ఆవరణ, నీటికొలను చూస్తారు. ఇంకు పెన్నులు వద్దు, పెన్సిలే. వీపున సంచులు వద్దు. వెనక్కి తిరిగినప్పుడు సంచి పోయి పెట్టెకు తగులుతుంది, ఆ సంగతి సంచి మోసేవాడికి తెలియదు. ఒక్కొక్కరు ఒకే వస్త్రం ఎంచుకోవాలి, రాసే కాగితం కూడా ఒక్కటే. దాని మీద ఉండాల్సినవి: చంక స్కెచ్, ముందు పల్లాల పువ్వు కలయిక, అరుగుదల ఎక్కడ, లక్స్ అంకె, తేలని ప్రశ్న ఒకటి. ఆ ప్రశ్న గడి ఖాళీగా ఉంటే మార్కులు తగ్గించండి.

మధ్యాహ్నం భోజనం అయ్యాక ఓపిక ఉంటే పురానీ హవేలీ ఒక్కటి కలుపుకోవచ్చు. అక్కడ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా రెండు అంతస్తుల్లో హాలు పొడవునా ఉంటుంది. పైఅంతస్తుకు చేత్తో తిప్పే లిఫ్టు కూడా ఉంది. వేసిన బట్ట మళ్లీ వేయలేదని ఆయన గురించి చెప్పుకుంటారు. పిల్లలు దాన్ని వింతగా చూసి వచ్చేస్తారు. వాళ్లను వేరే లెక్క వేయమనండి: అన్ని బట్టలకు ఎంతమంది దర్జీలు, ఎంతమంది చాకళ్లు, ఇస్త్రీవాళ్లు, ఏ మూల ఏ జత ఉందో రాసిపెట్టే గుమాస్తాలు కావాలి? బట్టల నిల్వ అన్నది ఒక శాఖ. మూసిన చెక్క అరలో ఆమ్లపు ఆవిర్లు పేరుకుని పట్టును పసుపెక్కిస్తాయి కాబట్టి ఇప్పటి మ్యూజియంలు ఆమ్లం లేని కాగితం పొరలు వేసి, మడతల్లో చుట్టలు పెట్టి దాస్తాయి. నాఫ్తలీన్ ఉండలు బట్టకు తగలనివ్వకూడదన్నది ఇళ్లలో పట్టుచీరలకూ పనికొచ్చే మాట.

తిరిగొచ్చాక పదిహేను రోజుల్లో ఇంకో పని. తాను చూసిన వస్త్రాన్ని నాలుగో వంతు కొలతలో కోరా బట్టతో కుట్టాలి. జరీ, పూసలు ఏమీ వద్దు, కోత మాత్రమే. దాదాపు 17 అంగుళాల బొమ్మకు తొడిగి, బొమ్మను నేల మీద బాసిపట్లు వేసి కూర్చోబెట్టండి. చీలిక తెరుచుకుందా, రొమ్ము దగ్గర బిగిసిందా? బిగిస్తే చంక ముక్క మర్చిపోయారు, లేదా కలీ వెడల్పు తగ్గించారు. విప్పి మళ్లీ కుట్టించండి. మొదటి సెమిస్టర్ పిల్లలు కూడా చేయగలరు, మీటరు కోరా బట్ట ఇద్దరికి సరిపోతుంది.

ప్యాలెస్ గ్యాలరీలు నడిపేవాళ్లు ఎవరైనా ఇది చదివితే వాళ్లకూ ఒక మాట. "షేర్వాణీ, పట్టు, 19వ శతాబ్దం" అన్న మూడు ముక్కల చీటీ పర్యాటకులకు చాలునేమో, నేర్చుకునేవాళ్లకు చాలదు. నేత పేరు, బట్ట పన్నా, అస్తర్ దేనిది, ఎక్కడ మరమ్మతు చేశారు, ఈ నాలుగూ తెలుగులో కూడా రాయండి. బట్ట వెనక వైపు ఫోటో ఒకటి పక్కన పెట్టండి. లైట్లు పెంచమని మేము అడగడం లేదు.

అనుమతి లేఖ మూడు వారాల ముందే పంపాలి. అందులో విద్యార్థుల సంఖ్య, జట్ల సంఖ్య, పెన్సిల్ స్కెచ్‌కు అనుమతి, ఫోటోలు కావాలా వద్దా, ఏ గదులు చూడాలనుకుంటున్నారో స్పష్టంగా రాయండి. "బట్టల గది ఆ వారం మూసి ఉంటుంది" అని జవాబొస్తే తేదీ మార్చండి. బస్సు అడ్వాన్సు ఇచ్చేశాం కదా అని పోతే మళ్లీ షాండ్లియర్ల ఫోటోలే మిగులుతాయి. నమూనా బట్ట ముక్కలు చేనేత సంఘాల దగ్గర డబ్బులిచ్చి కొనండి, కాలేజీ పేరు చెప్పి ఉచితంగా అడగొద్దు. చంక ముక్క నమూనా, ప్రశ్నల కాగితం తెలుగులో కావాలన్న కాలేజీలకు ఇస్తాం, జిరాక్సు ఖర్చు మీది.

ఇట్లు,
చేనేత, దర్జీ, వస్త్ర సంరక్షణ పనుల్లో ఉన్న కొందరం,
హనుమకొండ